ఈల వేసే తలుపు

మా ఊళ్ళో ఎవరూ కెల్‌బర్న్ మోటార్ కంపెనీ అని పూర్తి పేరు పలకరు. షాపు అంటారు. మా మామగారు స్టాష్ ఆ షాపులో ముప్పై ఒక్కేళ్ళు కారు తలుపులు బిగించి రిటైరయ్యారు. మా ఆయన నార్బర్ట్ ఇంజన్ల దగ్గర ఉన్నాడు. నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి పెళ్ళి చేసుకున్నాను. మా అమ్మాయి పౌలా పుట్టి కాస్త పెద్దదయ్యాక షాపు ఆఫీసులో ఉత్తరాలు విప్పే పనిలో చేరాను.

అమెరికా నలుమూలల నుంచీ కార్లు కొన్నవాళ్ళు రాసే ఉత్తరాలు మా గదికి వచ్చేవి. చదివి ఒక్కోదానికి ఒక రంగు కార్డు గుచ్చడం నా పని. మెచ్చుకుంటే ఆకుపచ్చ. చప్పుళ్ళు, రంగు వెలిసిపోవడం, సీటు చిరగడం లాంటి సణుగుళ్ళకి పసుపు. ప్రాణం మీదికి వచ్చేదైతే ఎరుపు. ఎరుపువి పై అంతస్తులో లాయర్ల దగ్గరికి వెళ్ళేవి. పసుపువాటికి అచ్చేసిన జవాబు ఒకటి ఉండేది, దగ్గర్లోని డీలర్ని కలవమని. ఆకుపచ్చవీ తక్కువేం కాదు. అయోవాలో ఒక రైతు తన పాత ట్రక్కు కొన్న తేదీకి ఏటా ఉత్తరం రాసేవాడు, ఇంట్లో మనిషి పుట్టినరోజుకి రాసినట్టు.

1974 సెప్టెంబరులో ఒక శనివారం షాపు ఓనర్ల రోజు జరిపింది. కెల్‌బర్న్ కారున్న వాళ్ళెవరైనా రావచ్చు. పాత బళ్ళ ఊరేగింపు, బ్యాండు, సాసేజీలు, మధ్యాహ్నం రెండింటికి అసలు సంబరం. కంపెనీ పరీక్షా ట్రాక్ మీద ఎవరి కారు వాళ్ళు ఒక చుట్టు తిప్పుకోవచ్చు. మామూలు రోజుల్లో ఆ గేటు లోపలికి మాలాంటివాళ్ళని రానివ్వరు. మామగారు ఎండాకాలమంతా ఆ చుట్టు గురించే మాట్లాడారు. నార్బర్ట్‌కి ఆ రోజు ఓవర్‌టైమ్. నాకు ఉత్తరాలు పేరుకుపోయి పని. అందుకని నాలుగేళ్ళ పౌలాని మామగారే తీసుకెళ్ళారు, మా కారు వెనక సీట్లో. కెల్‌బర్న్‌వాళ్ళు ప్రెయిరీ అని పేరు పెట్టి అమ్మే వ్యాగన్ అది.

ఆ బండి ఆయనే ఎంచారు. షాపువాళ్ళు సోమవారం తయారైన కారు కొనరు, శుక్రవారంది అసలే కొనరు. సోమవారం సగంమందికి తాగింది దిగదు, శుక్రవారం సగంమంది మనసు చేపలవేట మీద ఉంటుంది. మామగారు సీటు కింద ఇరుక్కున్న తయారీ కాగితం లాగి, బుధవారం అని చూసి తల ఊపారు. తర్వాత నాలుగు తలుపులూ ఒక్కోటే వేసి, కళ్ళు మూసుకుని విన్నారు. బాగా కూర్చున్న తలుపు దబ్‌మని ఒకే చప్పుడు చెయ్యాలట.

రెండు వారాలుగా వెనక కుడి తలుపు ఈల వేస్తోంది. తలుపు పాట పాడుతోందని పౌలా కూడా పెదాలు సున్నాలా చుట్టి ఊదేది. మామగారికి మాత్రం వినపడదు. రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ల పక్కన అన్నేళ్ళు నిలబడ్డ చెవులకి సన్నటి చప్పుళ్ళు చేరవు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనం.

పన్నెండున్నర దాటాక నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక ఉత్తరం విప్పాను. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ఒక తల్లి రాసింది. కొత్త ప్రెయిరీలో వెనక తలుపు ఈల వేస్తోందట. నేను అప్పటికే పసుపు కార్డు తీసి పట్టుకున్నాను. డీలర్ రబ్బరు పట్టీ మార్చినా ఈల ఆగలేదట. పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తూ ఎడమ మలుపు తిరుగుతుంటే కుడివైపు తలుపు దానంతటదే తెరుచుకుని, వాళ్ళబ్బాయి రోడ్డు మీద పడ్డాడట. భుజం ఎముక విరిగింది. వెనక ఏ బండీ రాకపోవడం తమ అదృష్టమని రాసింది.

కార్డు పక్కన పెట్టేశాను. పసుపు కార్డుల పెట్టె ముందుకి లాక్కుని వెతికాను. ఈల, ఈల, గాలి చప్పుడు, మళ్ళీ ఈల. ప్రెయిరీ, ప్రెయిరీ. అన్నిటికీ కార్డు గుచ్చింది నేనే. మెలిక తిరిగిన నా అక్షరాలే.

ట్రాక్ మీద మలుపులన్నీ ఎడమకే అని మామగారు భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పారో.

మా పై అధికారిణి మిసెస్ హోల్కం ఉత్తరం రెండుసార్లు చదివింది. చెడ్డ మనిషి కాదు. ఎరుపు కార్డు గుచ్చమంది, సోమవారం పొద్దున్నే పైకి పంపుదామంది. నా కూతురు ఇప్పుడు ఆ బండిలోనే ఉందని చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. నేను ఉత్తరం మడవబోతుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెళ్ళు ఇరీన్, నేనేం అనను. కాగితం ఇక్కడ పెట్టి వెళ్ళు. అది ఈ గది దాటితే నీ ఉద్యోగం, నాదీ, రెండూ పోతాయి."

ఉత్తరం బల్ల మీద పెట్టాను. ట్రాక్ దగ్గరి ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తినవాడి వెనక బ్యాండు మోగుతోంది. నాలుగొందల కార్లున్నాయమ్మా, సగం ప్రెయిరీలే, ఏ ముసలాయనని వెతకను అని నవ్వి పెట్టేశాడు. గడియారంలో ఒకటీ పది.

ట్రాక్ అక్కడికి మూడు మైళ్ళ దూరం. షాపు గేటు ముందు అతిథుల కోసం పెట్టిన బస్సు కదలబోతుంటే ఎక్కేశాను. ఎక్కాక తెలిసింది, అది ఊరు చూపించే బస్సు. ముందు నిలబడి ఒక రిటైర్డ్ గుమాస్తా మైకులో కంపెనీ చరిత్ర చదువుతున్నాడు. ప్రతి మలుపులో బస్సు నెమ్మదిస్తోంది. ఈ ఇటుకల కొట్టులోనే 1909లో కెల్‌బర్న్ అన్నదమ్ములు గుర్రపుబగ్గీలు చేసేవారు. ఈ పెద్ద గోడ వెనక యుద్ధకాలంలో గంటకో సైన్యపు ట్రక్కు తయారయ్యేది. నేను లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళి, బాబూ ఆపకుండా పోనివ్వు, నా బిడ్డ ప్రమాదంలో ఉంది అన్నాను. అతను నన్నోసారి చూసి, ముందర ఊరేగింపు బళ్ళున్నాయి, ఎగిరి వెళ్ళలేనుగా అన్నాడు. అది నిజమే. అద్దంలోంచి చూస్తే పాతకాలం కార్లు పొగలు కక్కుతూ నడిచే మనిషి వేగంతో పోతున్నాయి.

రెండో నంబరు ఫ్యాక్టరీ ముందు గుమాస్తా పేజీ తిప్పేసి కొత్త పెయింటింగు హాలు గురించి మొదలెట్టాడు. వెనక సీట్లోంచి ఒక ముసలావిడ, సమ్మె సంగతి మింగేశావేం నాయనా, మా ఆయన ఆ కిటికీ వెనకే నలభై రోజులున్నాడు అంది. అందరూ నవ్వారు. పనివాళ్ళు మిషన్లు ఆపేసి ఫ్యాక్టరీ లోపలే ఉండిపోయిన ఆ నలభై రోజులూ మామగారూ ఉన్నారు. కార్లకి బిగించాల్సిన సీట్ల మీద పడుకునేవారట. మా అత్తగారు కిటికీలోంచి సూపు క్యాను అందించేదట. అంత పోట్లాడిన మనిషి, బయట ఎవరైనా కెల్‌బర్న్ కారుకి వంక పెడితే మాత్రం ఊరుకోరు. పోట్లాడింది కంపెనీతో, కారుతో కాదు అంటారు. ఆయనతో నేనేం చెప్పాలి? చేతిలో ఉత్తరం కూడా లేదు.

ఒకటీ యాభైకి ట్రాక్ గేటు దగ్గర దిగి పరిగెత్తాను. గడ్డిమైదానం నిండా కార్లు. చుట్టు తిరిగే వరస ఒక చివరి నుంచి మొదలై జెండా పట్టుకున్న మనిషి దాకా ఉంది. మాదానిలాంటి ఆకుపచ్చ ప్రెయిరీలు ఎన్నో. ఒక్కో అద్దంలోకీ తొంగిచూస్తూ పోయాను. జెండాకి నాలుగో బండి మాది. పౌలా వెనక సీట్లో కుడి తలుపుకి ఆనుకుని నిలబడి, అద్దానికి ముక్కు నొక్కిపెట్టింది.

మామగారు అద్దం దించి చూశారు. "ఏంటమ్మాయ్, ఆఫీసు కాలిపోయిందా?"

"మామయ్యా, పౌలాని దించండి."

చెప్పాను. ఊపిరి అందక, ముందుది వెనకగా, వెనకది ముందుగా. నెబ్రాస్కా, ఈల, ఎడమ మలుపు, ఎముక. ఆయన విన్నారు. తర్వాత స్టీరింగు మీద వేళ్ళు తట్టారు.

"ఎవరో ఆవిడకి తలుపు వెయ్యడం రాకపోతే నా మనవరాల్ని దించాలా? ఇది బుధవారం బండి. నేను ముప్పై ఒక్కేళ్ళు తలుపులు బిగించాను, నువ్వు పది నెలలు కవర్లు చింపావు."

మా వెనక ప్రెయిరీ చెట్ నోవికీది, మామగారితో పాటు షాపు లైన్లో పనిచేసిన ఆయన. మనవల్ని ముగ్గురిని ఎక్కించుకుని వచ్చాడు. కిటికీలోంచి తల బయట పెట్టి, "స్టాష్, మీ కోడల్ని ఇన్‌స్పెక్టర్ చేశారా ఏంటి? పదో క్లాసు గట్టెక్కకపోయినా పెద్ద పోస్టే" అన్నాడు. చుట్టుపక్కల నిలబడ్డవాళ్ళు నవ్వారు. మామగారూ నవ్వారు.

రెండయింది, వరస కదిలింది. మూడో బండి అయ్యాం. నేను తలుపు పిడి పట్టుకుని పక్కనే నడిచాను. పౌలా తలుపు తెరుచుకోకుండా లోపలి లాక్ మీట నొక్కేసి, రాను, తాతతో చుట్టు తిరుగుతాను అని ఏడుపు మొదలెట్టింది. ట్రాక్ మీద ఒక బండి ఏటవాలు మలుపెక్కి గుండ్రంగా పోతోంది. దాని టైర్ల మోత ఇక్కడిదాకా వినిపిస్తోంది. మళ్ళీ కదిలింది. రెండో బండి.

అప్పుడు అన్నాను, ఇంట్లో ఎవరమూ అననిది. చెట్ వింటుండగా, అందరూ వింటుండగా.

"మామయ్యా, ఈ తలుపు రెండు వారాలుగా ఈల వేస్తోంది. మీకు వినపడదు. మీ చెవులు పోయాయి."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన మెడ మీంచి ఎరుపు పైకి పాకింది. నేను గొంతు తగ్గించాను. "చెవులొద్దు. చేత్తో చూడండి. ఒక్కసారి. బాగుంటే నేనే ఎక్కి కూర్చుంటాను, అందరం కలిసి తిరుగుదాం."

ఆయన ఇంజను ఆపి దిగారు. నా వైపు చూడలేదు. జేబులోంచి ఓనర్ల రోజు కరపత్రం తీసి, నిలువుగా మడిచి పట్టీలా చేశారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి షాపులో మొట్టమొదట నేర్పే పని అదేనని తర్వాత నార్బర్ట్ చెప్పాడు. కాగితాన్ని తలుపు సందులో పెట్టి తలుపు వేసి, లాగాలి. తలుపు కూర్చుంటే కాగితం చిరుగుతుంది తప్ప రాదు.

మొదట వెనక ఎడమ తలుపు. దబ్‌మంది. లాగారు, కాగితం కొస చిరిగి చేతిలోకి వచ్చింది. చెట్ వైపు చూశారు. చెట్ బొటనవేలు ఎత్తాడు.

తర్వాత కుడి తలుపు. పౌలాని లాక్ మీట ఎత్తి సీటు మధ్యకి జరగమన్నారు. అదే దబ్, అంతే నిండుగా. కాగితం లాగారు. పుస్తకంలోంచి గుర్తుకాగితం జారినట్టు మెత్తగా జారి వచ్చేసింది.

మళ్ళీ వేశారు. మళ్ళీ వచ్చింది. మూడోసారి తలుపు వేసి, భుజం ఆనించి గట్టిగా నెట్టారు. లోపల ఎక్కడో టక్‌మని ఇంకో చిన్న చప్పుడయింది. అది ఆయనకి వినపడలేదు, భుజానికి తెలిసింది. ఈసారి కాగితం రాలేదు.

"గడియకి రెండు మెట్లు," అన్నారు, నాతో కాదు, తలుపుతో. "మొదటి మెట్టు మీదే ఆగిపోతోంది."

జెండా మనిషి మమ్మల్ని రమ్మని ఊపుతున్నాడు. మామగారు ఎడమవైపు నుంచి పౌలాని ఎత్తి నా చేతుల్లో పెట్టారు. అది కాళ్ళు తన్నుతూ ఏడుస్తోంది. ముందుకెళ్ళకపోతే పక్కకి తప్పుకోమని చెట్ హారను కొట్టి, మా బండిని దాటి రాబోయాడు. మామగారు నడిచివెళ్ళి అతని బండి ముందు నిలబడ్డారు.

"నీ వెనక తలుపు తియ్యి, చెట్."

"స్టాష్, మా పిల్లలు పొద్దున్నించీ దీని కోసమే..."

"తియ్యి."

చెట్ బండి వెనక తలుపులు రెండూ గట్టిగా పట్టాయి. కాగితం చిరిగింది. చూశావా అన్నట్టు చెట్ చేతులు చాపాడు. మామగారు దాని వెనక బండి దగ్గరికి వెళ్ళారు. అదీ బాగానే ఉంది. వెనకనించి హారన్లు మొదలయ్యాయి. కంపెనీ బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడొకడు పరిగెత్తుకుంటూ వచ్చి, సార్ వరస ఆపకూడదు సార్ అంటున్నాడు. మామగారికి వినపడిందో లేదో.

నాలుగో ప్రెయిరీలో ఎర్రజడల అమ్మాయిలు ఇద్దరు ఉన్నారు. కాగితం జారి ఆయన చేతిలోకి వచ్చింది. వాళ్ళ తండ్రి ఆ కాగితాన్ని చూశాడు, మామగారిని చూశాడు. పిల్లలిద్దరినీ దించి, బండికి దూరంగా గడ్డిలో నిలబెట్టాడు. మామగారు అయిదో బండి వైపు నడిచారు.

పౌలా బరువుకి నా చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా దించలేదు.