పుట్టుమచ్చ లేని వదిన

మా ఆయన పాస్‌పోర్టు ఫోటోల మనిషి. స్టూడియోలో ఆ స్టూలు మీద ఎవరు కూర్చున్నా సరే, మొటిమ తీసేస్తారు, మచ్చ తీసేస్తారు, కళ్ళ కింద నలుపు తీసేస్తారు. ఎవరూ అడగక్కర్లేదు, చెయ్యి దానంతటదే పోతుంది. ఫోటో చూసుకుని జనం మురిసిపోతారు. ఆఫీసుల్లో గుమాస్తాలు మాత్రం "ఇది మీరేనా?" అని తెల్లమొహం వేస్తారు.

అలాంటి మహానుభావుడికి కళాకారుడు అనిపించుకోవాలని కోరిక పుట్టింది. ఫోటో క్లబ్బువాళ్ళు పోటీ పెట్టారు. అందులో 'ఉన్నది ఉన్నట్టు' అని ఒక విభాగం. తీసిన ఫోటో మీద మళ్ళీ చెయ్యి పడకూడదు. కెమెరా అద్దం మీద దుమ్ముంటే ఆ మరక తుడవచ్చు, అంతే. "ఒక్కసారి ఇందులో మొదటి బహుమతి వస్తే చాలే, ఇంక నన్నెవరూ పాస్‌పోర్టు ఫోటోలవాడు అనరు" అని అన్నం ముందు కూర్చున్నా అదే పాట.

ఫోటో మాత్రం భలే దొరికింది. మా వదిన, అంటే ఆయన అక్క, మా ఇంటికొచ్చినరోజు పొయ్యి మీద పాలు చూస్తుండమని ఈయనకి అప్పజెప్పింది. ఈయన కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నారు. పాలు పొంగి పొయ్యంతా పారాయి. వదిన గరిటె పట్టుకుని శివాలెత్తిపోయింది. తిట్లు తింటూనే ఈయన టక్కున నొక్కారు. అబ్బ, ఏం ఫోటో అది! చూస్తుంటేనే నా చెవులు గింగురుమన్నాయి.

తొలి వడపోతలో నెగ్గింది. చివరి రోజు హాల్లో వదిన ముందు వరసలో దర్జాగా కూర్చుంది. బహుమతి నిర్ణయించే కళ్ళజోడు పెద్దాయన తెర మీద రెండు ఫోటోలు పక్కపక్కన వేయించారు. ఒకటి మేం పంపింది, రెండోది పోటీ నియమం ప్రకారం దానితోపాటే ఇచ్చిన, కెమెరాలోంచి నేరుగా తీసిన అసలుది. అసలుదాంట్లో వదిన ఎడమ చెంప మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉంది. పంపినదాంట్లో చెంప నున్నగా ఉంది.

"ఈ మచ్చ ఏమైందండీ?" అన్నారు పెద్దాయన.

అప్పుడు ఈయన మొహం చూడాలి! తీసేసిన సంగతి ఆయనకే గుర్తు లేదు. పాడు చెయ్యి, అలవాటు కొద్దీ తీసిపారేసింది. నేను మోచేత్తో పొడిచి, "నిజం చెప్పెయ్యండి" అన్నాను. వింటేగా!

"దుమ్మండీ. కెమెరా అద్దం మీద దుమ్ము" అన్నారు.

పెద్దాయన సరేనన్నట్టు తలూపారు కూడా. ఇంతలో ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

"ఏంట్రా? నా పుట్టుమచ్చ దుమ్మా?" అంటూ వదిన లేచింది. లేచి ఊరుకుందా, తిన్నగా వెళ్ళి పెద్దాయన కళ్ళజోడుకి చెంప ఆనించినంత పని చేసింది. "రుమాలు తీసి తుడవండి బాబూ! పోయిందంటే బహుమతి వీడికే ఇచ్చెయ్యండి!"

హాలంతా ఒకటే నవ్వులు. పెద్దాయన గబగబా వెనక్కి జరిగారు. మా ఆయన తల దించుకుని, "తప్పయిపోయిందండీ. నేనే తీసేశాను. నా ఫోటో పోటీలో ఉంచకండి" అన్నారు. బహుమతి పిచ్చుకని ఫోటో తీసినవాడెవడో పట్టుకుపోయాడు.

దారి పొడుగునా వదిన ఒక్క తిట్టూ తిట్టలేదు. దాంతో నాకు భయం పట్టుకుంది. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "ఒరేయ్, అమ్మకీ ఇక్కడే ఉండేది కదరా. గోడ మీద ఫోటోలో కనపడదేంటా అనుకునేదాన్ని. అదీ నువ్వేనా?" అంది.

"నేనేనే అక్కా" అన్నారు ఈయన చెప్పుల వంక చూస్తూ. నేను కాపురానికొచ్చేసరికే అత్తగారు లేరు. ఇన్నేళ్ళూ ఆ ఫోటోని బట్టే ఆవిడ ఇలా ఉండేవారనుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. "కన్నతల్లిని కూడా వదల్లేదా మీరు?" అని అరిచేశాను.

ఆయన పక్కనే ఉన్న స్టూడియోలోకి వెళ్ళి పాత నెగెటివ్ వెతికి తీశారు. ఆ రోజుల్లో మచ్చ కనపడకుండా నెగెటివ్ మీదే పెన్సిల్‌తో పూసేవారట. ఊపిరి బిగబట్టి, దూదితో మెల్లగా ఆ పెన్సిల్ పూతంతా తుడిచారు. మళ్ళీ ప్రింటు వేసి వదిన చేతిలో పెట్టారు.

వదిన దాన్ని చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని, ఫోటోని నా వైపు తిప్పింది.

"ఇదిగో చూడవే మరదలా, మీ అత్తగారు" అంది.