సత్తార్ మార్చి చెప్పిన బొమ్మల సినిమా

దగ్గు చూపించుకుందామని గంగమణి కామారెడ్డికి పోయి, మర్నాడు మొదటి బస్సుకు ఎల్లారెడ్డిలో దిగింది. ఇంటికొచ్చి చూస్తే, కత్తిరించి తడిగుడ్డలో చుట్టి పెట్టిపోయిన తునికాకు లేదు. సాయంత్రానికి బీడీలు చుట్టి ఇయ్యకపోతే, తామిచ్చిన ఆకు అమ్ముకుందని కార్ఖానా వాళ్లు పని కార్డు గుంజుకుంటారు. ఆ మాట పడ్డ ఆడమనిషికి ఇంకో కార్ఖానా ఆకు ఇచ్చిన పాపాన పోలేదు.

తీసింది దొంగలు కాదు, ఏడేండ్ల కూతురు మంగ. రెండు దెబ్బలు పడ్డా ఎక్కడ పెట్టిందో చెప్పలేదు.

"ఆకులు తెంపితే చెట్టు ఏడుస్తదట. సత్తార్ మామ చెప్పిండు."

సత్తార్ దుబాయి నుంచి వీసీఆర్ తెచ్చాడు. వాడకట్టు పిల్లలకు ఇంగ్లీషు బొమ్మల సినిమాలు వేసి, టీవీ పక్కన నిలబడి తెలుగులో కథ చెప్తాడు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. బొమ్మ చూసి నోటికొచ్చింది చెప్పడమే, అదేం రోగమో.

గంగమణి కూతురిని సత్తార్ ఇంటికి ఈడ్చుకుపోయి గడపలో నిలబెట్టి, ఆయన్ను పక్కకు పిలిచింది.

"నీ కాళ్లు మొక్కుత సత్తారన్నా. ఆ సినిమా మల్ల వెయ్యి. చెట్టు నవ్వుకుంట ఆకులిస్తుందని చెప్పు. పొద్దుమూకితే నా కార్డు పోతది."

"పిల్లకు అబద్ధమెట్ల చెప్పాలె చెల్లె?"

"ఇన్నొద్దులు నువ్వు చెప్పినయన్ని నిజాలేనా?"

సత్తార్ క్యాసెట్ పెట్టాడు. తెర మీద రంపం పండ్ల చక్రాల బండి అడవిని నమిలి పారేసింది. బోడిగా మిగిలిన ఒక్క చెట్టు చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"సూడు బిడ్డా, చెట్టు నవ్వుతున్నది. ఆకులు మీకే, తీస్కపోండ్రి అంటున్నది," అన్నాడు సత్తార్, తెర వైపు చూడకుండా.

"ఏడుస్తున్నది గద మామా."

"నవ్వినా నీళ్లొస్తయే," అంది గంగమణి.

మంగ తల్లి ముఖంలోకి చూసింది. "బాపు సచ్చిపోయిన్నాడు నువ్వు గూడ గిట్లనే అన్నవ్. పొయ్యిల పొగ అన్నవ్."

గంగమణికి దుఃఖం ఆగలేదు. అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చింది. పిల్ల బెదిరిపోయి ఆమె కొంగు పట్టుకుంది. "ఏడ్వకవ్వా, సూపిస్త రా."

ఇంటి వెనక తుమ్మచెట్టు ఎండిపోయి రెండేండ్లయింది. దాని కింది కొమ్మలన్నిటికీ తునికాకు ముక్కలు బీడీ దారంతో కట్టి ఉన్నాయి. ఎండకు పెళుసెక్కి, వడగాలికి చీలికలైపోయాయి. గంగమణి ఒకటి విప్పబోతే వేళ్ల మధ్యే పొడి అయింది. ముళ్లు గీరుకున్న చేతులతో పిల్ల ఎంతసేపు కట్టిందో ఏమో, తను నేర్పిన బీడీ ముడి ఒక్కటీ జారలేదు.

"ఇగ చెట్టు ఏడ్వది గద అవ్వా?"

"ఏడ్వది బిడ్డా."

పొద్దు వాలే వేళకు వీధిలో బీడీల గంపలతో పోతున్న ఆడవాళ్లు గోడ అవతలి నుంచి పిలిచారు. "గంగా, కార్ఖానాకు వస్తవా?"

"మీరు పోండ్రి," అంది గంగమణి.