ఇరవైమూడో గది పొడవు

రోజూ ఇంట్లోంచి బయల్దేరేముందు ఆమె బ్యాగులో చెయ్యిపెట్టి మూడు వస్తువులు తడుముకునేది: కొలతల టేపు, సుద్దముక్క, అన్నం డబ్బా. డబ్బా అప్పుడప్పుడూ మర్చిపోయేది గానీ టేపు ఒక్కరోజూ మర్చిపోలేదు. అందుకే యూనివర్సిటీలో ఆమెను అందరూ టేపమ్మాయి అనేవారు. అసలు పేరు జీతం కాయితంలో తప్ప ఇంకెక్కడా అవసరం పడలేదు.

తరగతి గదుల్లో తెరలు, ప్రొజెక్టర్లు, మైకులు ఎక్కడ పెట్టాలో చూడటం ఆమె పని. వినడానికి చిన్నపనే. కానీ పదింటికి ఏ కిటికీలోంచి ఎండ వచ్చి తెరమీద పడుతుందో తెలియాలి. ఫ్యాను రెక్క బొమ్మకి అడ్డొస్తుందో లేదో తెలియాలి. చివరి బెంచీ దాకా ఎంత దూరమో కొలిచి, ఆరుతో భాగిస్తే తెర ఎత్తు వస్తుంది. అన్నీ బిగించాక ఎవరో ఒకరు చివరి బెంచీలో కూర్చుని, తెరమీద అన్నిటికంటే చిన్న అక్షరం చదవాలి. చదివితే గది పాసయినట్టు. అలా ఆమె యాభై గదుల్లో చివరి బెంచీ మీద కూర్చుంది. యాభైసార్లూ గది ఖాళీగానే ఉంది.

ఆ యూనివర్సిటీలో ఇరవైమూడో గది సాగేది. పిల్లలు వచ్చి కూర్చున్నాక వెనక గోడ మెల్లగా వెనక్కి జరిగేది, సాయంత్రానికి మళ్లీ సర్దుకునేది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం తుడిచే ఆవిడ మాత్రం "ఇవ్వాళ ఇరవైమూడుకి రెండో బకెట్టు పట్టింది" అని విసుక్కునేది. పరీక్షలప్పుడు మరీ సాగేది కాబట్టి, కాపలా ఉండే లెక్చరర్లకి తాళాల బాబాయి తన సైకిలు ఇచ్చేవాడు.

నాలుగేళ్ల కిందట టేపమ్మాయి ఆ గదిలోనే చదువుకుంది. చివరి బెంచీ. అప్పటి లెక్చరర్ బోర్డుమీద సిగ్మా గుర్తు వేసిన రోజున గోడ ఎంత దూరం పోయిందంటే, ఆ గుర్తు ఆమెకి చీమంత కనిపించింది. పక్కవాళ్లు రాసుకుంటున్నారు కదా అని తనూ రాసుకుంది. మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ రాలేదు. ఇంట్లో అడిగితే బస్సు దొరకడం లేదంది. రెండేళ్ల చదువు తెచ్చి బస్సు నెత్తిన పడేసింది.

అందుకే వేసవి సెలవుల్లో ఇరవైమూడు కొలవడానికి వెళ్లినప్పుడు, తాళాల బాబాయి గుమ్మంలో నిలబడి చెప్పిన మాట ఆమె వినిపించుకోలేదు.

"ఇది పిల్లలున్నప్పుడు కొలవాలమ్మాయ్. ఖాళీగా ఉంటే బుద్ధిమంతురాల్లా కూర్చుంటుంది."

"అన్ని గదులూ సెలవుల్లోనే కొలుస్తాం బాబాయ్."

నిండుగా ఉన్న ఆ గదిలోకి అడుగుపెడితే అన్ని తలలూ ఒక్కసారి తనవైపు తిరుగుతాయని ఆమె భయం. ఆ మాట టేపుకి కూడా చెప్పుకోలేదు.

ముప్పైరెండు అడుగులు వచ్చింది. పైకప్పు పాతది, బరువు మోయదు. కాబట్టి ప్రొజెక్టరు వెనక గోడమీద అరలో కూర్చుంటుంది. మాస్టారి బల్ల నుంచి గోడవెంట అక్కడిదాకా తీగ పోవాలి. ఆ తీగ పదిహేను మీటర్లు దాటితే బొమ్మ రాదు, అతుకు వేస్తే బొమ్మ వణుకుతుంది. ముప్పైరెండు అడుగుల గదికి, గోడ మలుపులూ ఎక్కుదిగుళ్లూ కలుపుకుని పదిహేను మీటర్లు చక్కగా సరిపోయి, వెనక మూలలో మూరెడు మిగిలింది కూడా.

సెలవులయ్యాయి. ఎనిమిదింటికి ఆ గదిలో గణాంకాలు చెప్పేది గుసగుస మాస్టారు. ఇరవై ఏళ్లుగా అక్కడా ఇక్కడా చెబుతున్నా ఆయన గొంతు పెదవి దాటదు. పిల్లలకి ఆయనంటే ఇష్టమే. కిటికీలో నిద్రపోతున్న పిల్లి అంటే ఉండే ఇష్టం అది. ఎవరూ లేపి పలకరించరు. మొదటిరోజు పాఠం మొదలైన పదినిమిషాలకి గోడ వెనక్కి జరిగింది. మూరెడు తీగా అయిపోయింది. మాస్టారి బల్లమీద ప్లగ్గు టక్కున ఊడి నేలమీద పాకుతూ పోయింది. బొమ్మ ఆరిపోయింది. రెండోరోజూ అంతే. మూడోరోజు పిల్లలు రాకముందే ఆమె మాస్టారి చొక్కాకి మైకు తగిలించింది. ఆయన గొంతు చివరి బెంచీలో చెవి పక్కన చెప్పినట్టు వినిపించింది. గోడ మాత్రం ఇంకో నాలుగడుగులు ఎక్కువే పోయింది.

ఇంజినీరుగారు ఆమెను పిలిచారు.

"ఏమ్మా టేపూ, గది సాగుతుందని లోకానికంతా తెలుసు. నీకు తెలీదా?"

"తెలుసు సార్."

"శుక్రవారం గదులు పాస్ చేసే కమిటీ వస్తోంది. గంటసేపు బొమ్మ ఆగకుండా నిలవాలి. లేదా ఆ గది విరిగిన కుర్చీలకి ఇచ్చేస్తారు. పిల్లల్ని పెద్దహాల్లో కూర్చోబెట్టి, ఎవరో రికార్డు చేసిన పాఠాలు వేస్తారు."

"మరి గుసగుస మాస్టారు?"

"ఆయనది టెంపరరీ కదమ్మా. క్లాసే లేకపోతే ఆయనకిక్కడ పనేముంటుంది?" ఇంజినీరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకీ ఆ మాట అనడం ఇష్టంలేదు.

ఆ పూట ఇంట్లో ఆమె ముద్ద కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు. బావ ఊరుకుంటాడా.

"గది పెరిగితే ఏడుపెందుకు మరదలా? ఆ కిటుకేదో మన వంటగదికి చెప్పు. ఫ్రిజ్జు తలుపు పూర్తిగా తెరవాలని మీ అక్క పెళ్లయినప్పటి నుంచీ కలలు కంటోంది."

"తిన్న కంచాలు తమరు తీస్తే సగం వంటగది ఖాళీ అవుతుంది" అంది అక్క. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "అది సరేనే, పిల్లలున్నప్పుడు ఎందుకు కొలవలేదు? బస్సు దొరకలేదా?"

టేపమ్మాయి తలెత్తింది. అక్క మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు. అంటే నాలుగేళ్లుగా తెలుసన్నమాట.

గురువారం ఆమె మాస్టారిని వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన ఖాళీ గదిలో బల్ల సొరుగులోంచి పుస్తకాలు తీసి సంచిలో సర్దుకుంటున్నారు.

"తప్పు నాదే మాస్టారూ. ఖాళీ గది కొలిచాను."

"నేనూ అంతేనమ్మా. ఖాళీ గదిలో చెప్పుకుంటే నా పాఠం భలేగా ఉంటుంది."

"కాస్త గట్టిగా చెప్పి చూస్తే?"

"చూశాను. తిడుతున్నట్టుంటుంది. నాకే భయమేసింది." ఆయన నవ్వారు. "రేపు ప్రామాణిక విచలనం. సగటు నుంచి ఎవరెంత దూరంలో ఉన్నారో తేల్చే లెక్క. నాకు చాలా ఇష్టమైన పాఠం. ఆఖరిదైనా ఫర్వాలేదు."

ఆ లెక్క గుర్తే సిగ్మా. ఆనాడు చీమంత కనిపించింది అదే.

శుక్రవారం కమిటీ వచ్చింది. పెద్దావిడా, మరో ఇద్దరూ తలుపు పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. ఇంజినీరుగారు గోడకి ఆనుకున్నారు. నియమం ప్రకారం చివరి బెంచీలో కూర్చోవాల్సింది టేపమ్మాయి. ఆమె లోపలికి అడుగుపెట్టగానే తలలన్నీ తిరిగాయి. మళ్లీ వెంటనే ముందుకి తిరిగిపోయాయి. ఇంతేనా, అనుకుంది. ఇంతోటిదానికా నాలుగేళ్లు?

ఆమె పక్కన గోళ్లు కొరుక్కునే అమ్మాయి ఒకతి కూర్చుని ఉంది. కాలి దగ్గర మూరెడు తీగ నేలమీద పడి ఉంది.

తెరమీద అయిదుగురి ఎత్తులు వచ్చాయి. మాస్టారు గుసగుసగా మొదలుపెట్టారు. "వీళ్ల సగటు నూటఅరవై. సగటు నుంచి ఒక్కొక్కరి దూరం తీసుకుంటాం. దాన్ని వర్గం చేస్తాం."

అందరూ రాసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. గోడ కదిలింది. కాలి దగ్గర తీగ నెమ్మదిగా నిటారైంది. తర్వాత నేల వదిలి పైకి లేచి, బట్టలారేసే తాడులా బిగిసింది. అక్కడెక్కడో మాస్టారు ప్లగ్గు వైపు చూసి, చెమట తుడుచుకుని, గొంతు ఇంకా తగ్గించారు. తెరమీద బొమ్మ ఒకసారి రెప్పకొట్టింది.

తీగని పట్టుకుని లాగుదామా అనుకుందామె. అప్పుడు తన కొలతల పుస్తకం కేసి చూసుకుంది. అందులో తన చేతిరాతతోనే "వర్గం చేస్తాం" అని ఉంది. ఎందుకో తెలీకుండానే రాసేసింది, అచ్చం అప్పట్లాగే.

చెయ్యెత్తింది.

"మాస్టారూ, నాకు అర్థం కాలేదు."

ఇంజినీరుగారు కళ్లు మూసుకున్నారు. మాస్టారు అటూ ఇటూ చూసి, ఆ మాట తనతోనేనని తెలుసుకున్నారు.

"ఏది... ఏది అర్థం కాలేదమ్మా?"

"ఎవరు ఎంత దూరమో తెలిసిపోయింది కదా. మళ్లీ వర్గం దేనికి? ఆ దూరాలే కూడేస్తే పోలా?"

ఆయన మొహంలో దీపం వెలిగింది. "కూడు! కూడి చూడు. పొట్టివాళ్లవి మైనస్ పది, మైనస్ అయిదు. పొడుగువాళ్లవి అయిదు, పది. మధ్యవాడిది సున్నా."

"సున్నా వచ్చింది."

"సున్నా అంటే ఎవరూ దూరంగా లేనట్టు. మరి లేరా?"

"ఉన్నారు!"

"ఒకరి లోటుని ఇంకొకరి ఎక్కువ తినేసింది. ఉన్న దూరం లేనట్టు కనపడకూడదమ్మా. వర్గం చేస్తే మైనస్సూ ప్లస్సే అవుతుంది. ఇక ఎవరి దూరమూ మాయమవదు." గొంతు పెరగలేదు. కానీ ఆయన బల్ల వదిలి రెండడుగులు ముందుకొచ్చారు.

ఆమె వీపు వెనక గోడ, ఎవరో కుర్చీని బల్ల దగ్గరికి నెట్టినట్టు, ఒక అడుగు ముందుకి జరిగింది.

"సార్, నాకసలు సగటు దగ్గరే పోయింది" అన్నాడు మధ్య బెంచీ కుర్రాడొకడు. అంతా నవ్వారు.

"మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది సార్?" అంది ఇంకో అమ్మాయి.

"అది ఎనిమిదో క్లాసులోదే తల్లీ!" ఎవరో ఎత్తిపొడిచారు.

"ఎనిమిదో క్లాసులో ఎవరూ చెప్పలేదేమోలే, నేను చెప్తాను" అన్నారు మాస్టారు.

బెంచీలు కిర్రుమంటూ ముందుకొచ్చాయి. తీగ వదులై నేలమీద వాలింది. ఇంకాసేపటికి ముందు బెంచీవాళ్ల మోకాళ్లు మాస్టారి బల్లకి తగిలాయి, కమిటీ పెద్దావిడ కాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది. గంటసేపూ బొమ్మ నిలిచింది.

"చివరి బెంచీ, చిన్న అక్షరం కనిపిస్తోందా?" ఆవిడ అడిగారు.

తెర అడుగున కుడిమూల ఒక గుర్తు ఉంది. టేపమ్మాయి దానికేసి కాసేపు చూసింది.

"సిగ్మా" అంది.

ఆవిడ సంతకం పెట్టేశారు. మాస్టారు సంచిలోంచి పుస్తకాలు తీసి సొరుగులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఇంజినీరుగారు ఫారం తిరగేస్తూ ఒకచోట ఆగారు. 'గదికి అవసరమైన పరికరాలు' అన్న చోట తెర, ప్రొజెక్టరు, మైకు, తీగ తర్వాత ఇంకో వరస ఉంది: 'అర్థం కాలేదని చెప్పే మనిషి, చివరి బెంచీలో, ఒకరు.'

"దీన్ని ఏ కంపెనీ నుంచి తెప్పించాలమ్మా?"

"కంపెనీ అక్కర్లేదు సార్. నేనున్నానుగా. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా క్లాసు, ఆ తర్వాత పనిలోకి వచ్చేస్తాను." బ్యాగులోంచి మళ్లీ చేరే దరఖాస్తు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని రెండింటిమీదా సంతకం చేశారు.

సోమవారం పొద్దున ఏడున్నరకి బ్యాగులో టేపూ సుద్దముక్కా డబ్బాతో పాటు ఒక నోటుబుక్కు కూడా చేరింది. గుమ్మంలో అక్క, "బస్సు దొరుకుతుందా?" అని అడిగింది.

"దొరక్కపోతే నడిచెళ్తా."

ఆవేళ మాస్టారు కొత్త లెక్క మొదలుపెట్టారు. అది ఆమెకి తేలిగ్గానే అర్థమైంది. ఆనందంగా రాసుకుంటుంటే, కాలి దగ్గర మూరెడు తీగ మెల్లగా కదిలింది.

ఆమె పక్కకి చూసింది. గోళ్లు కొరుక్కునే అమ్మాయి చకచకా రాసేస్తోంది, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. తీగ నేల వదిలి లేచింది. టేపమ్మాయి చెయ్యెత్తబోయి, మళ్లీ దించేసింది. మోచేత్తో ఆ పిల్లని మెల్లగా పొడిచింది.

"చెప్పెయ్" అంది చెవిలో. "ఏమీ కాదు. ఒక్కసారి అందరూ చూస్తారు, అంతే."

ఆ పిల్ల నోట్లోంచి వేలు తీసింది.