మాణిక్యైట్ రైస్ మిల్లు

ఈశ్వరప్రసాద్ గారు సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, రాతి ముక్క పెట్టిన కింది బిళ్లను మెల్లగా తిప్పుతున్నారు. పక్కన నిలబడిన చంద్రకళ ఆయన ముఖం చూస్తోంది. బాపట్ల కాలేజీలో ఆమె భూగర్భశాస్త్రం లెక్చరర్. ఖనిజాల పేర్ల విషయంలో ఆయన మాటకు తిరుగులేదని అందరూ అంటారు. విశాఖ నుంచి మద్రాసు వెళుతూ, ఆమె అడిగిందని దారిలో దిగారు.

ఆ రాయి ఆమెకు చదువుకునే రోజుల్లో గూడూరు దగ్గరి అభ్రకం గనుల్లో దొరికింది. తెల్లటి రాతి చార నల్లరాతిని తాకే చోట, వంగపువ్వు రంగులో సన్నటి సూదుల గుత్తి. అది గ్లాకోఫేన్ అని ఆమె గురువు ఏనాడో పేరు పెట్టి పక్కన పెట్టారు. గ్లాకోఫేన్‌లో సోడియం ఉండాలి. చంద్రకళ పరీక్షిస్తే సోడియం లేదు సరికదా, లిథియం బయటపడింది. గ్లాకోఫేన్ చేరే యాంఫిబోల్ ఖనిజాల కుటుంబంలో లిథియం ఉన్నవి బహు కొద్ది. పైగా దీనిలో ఇనుము పాలు ఎక్కువ. ఇది ఎవరూ పేరు పెట్టని ఖనిజమని ఆమె ఏళ్ల తరబడి నమ్ముతూ వచ్చింది.

ఆయన తల ఎత్తారు.

"కూర్చోండమ్మా," అన్నారు.

ఆమె కూర్చోలేదు.

"లిథియం సంగతి మీరు పట్టుకున్నది నిజమే. మెచ్చుకోవాల్సిందే. కానీ ఇది హోల్మ్‌క్విస్టైట్ అమ్మా. ఆ పేరు పెట్టి అరవై ఏళ్లు దాటింది."

"ఇనుము అంత ఉంది కదండి?"

"ఈ ఏడాది యాంఫిబోల్స్ పేర్లన్నీ ఒక పద్ధతిలో పెట్టారు. స్ఫటికంలో ఏ గదిలో ఏ మూలకం కూర్చుంది, అదీ లెక్క. అసలు గదిలో లిథియం కూర్చుంటే ఆ కుటుంబానికి ఉన్న పేరే చెల్లుతుంది. ఇనుము బాగా పెరిగితే పేరు ముందు ఒక మాట తగిలిస్తారు, అంతే. మీ రాయిలో దానికి సరిపడా కూడా లేదు."

 ఆయన ఇంకా ఏదో చెబుతున్నారు. ఈ ప్రాంతంలో ఇది కనబడడమే విశేషమని, శాస్త్ర పత్రికకు రాసి పంపమని. ఆ మాటలు ఆమెకు సగమే చెవికెక్కాయి.

ఆ సాయంత్రమే ఆమె రేపల్లె చేరాలి. మర్నాడు పొద్దున్న నాన్న చెంచురామయ్య మిల్లు ప్రారంభం.

అమృతలూరులో, గడ్డపార ఎంత లోతు దించినా నల్లమట్టి తప్ప రాయి తగలని చేల మధ్య పెరిగిన పిల్ల ఆమె. రాళ్ల చదువేంటని నాన్న ససేమిరా అంటే, అమ్మ మాణిక్యమ్మ మొండికేసి విశాఖ పంపింది. కూతురు గూడూరు గనుల్లో ఉండగా అమ్మ విషజ్వరంతో పోయింది. టెలిగ్రాం అంది, రైళ్లు మారి చంద్రకళ ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. అప్పుడు ఆమె సంచిలో ఉన్నది ఈ రాయే.

కిందటి వేసవిలో తండ్రితో అంది. "ఇది కొత్తదని తేలితే పేరు పెట్టేది నేనే నాన్నా. అమ్మ పేరు పెడతా. మాణిక్యైట్."

 ఆయన, "ఆ పేరు మళ్లీ చెప్పు," అన్నాడు.

తెనాలిలో బండి మారి రేపల్లె పాసింజరు ఎక్కింది. ఎలా చెప్పాలో దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ప్రారంభం ముగిశాక చెబుదామని చివరికి అనుకుంది. రిక్షా మిల్లు ముందు ఆగింది. కిందటేడు తుఫానుకు రేకులన్నీ ఎగిరిపోయిన పాత మిల్లుని నాన్న కొని, కొత్త కప్పు వేయించాడు. ఆమె తలెత్తి చూసింది.

గేటు మీద, ఆకుపచ్చ బోర్డు మీద, మనిషి ఎత్తు పసుప్పచ్చ అక్షరాలు. మాణిక్యైట్ రైస్ మిల్లు.

రిక్షా దిగడం మరిచిపోయి అలాగే కూర్చుండిపోయింది.  ఆ పేరు గల వస్తువు లోకంలో లేదు.

అమ్మ చెల్లెలు ధనమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "చూశావటే? మా అక్క పేరు దేశదేశాలకీ వెళ్తుందంట గదా. మీ నాన్న కనబడ్డ ప్రతివాడికీ చెబుతున్నాడు."

"పిన్నీ, నాన్నేడీ?"

చెంచురామయ్య ఇంజను గదిలో ఉన్నాడు. కూతుర్ని చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక రేపటిదాకా ఆగడం ఆమె వల్ల కాలేదు.

"నాన్నా, ఆ రాయి కొత్తది కాదు. దానికి ఇదివరకే పేరుంది. ఇవాళే తెలిసింది."

ఆయన చేతిలోని నూనెగుడ్డ కిందపడింది. వంగి దాన్ని తీసి, తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. 

"లైసెన్సు ఆ పేరు మీదే తీశాను," అన్నాడు.

"తప్పు నాదే నాన్నా. తేలకముందే చెప్పాను."

"ఎవరి పేరంట దానికి?"

"హోల్మ్‌క్విస్ట్ అని స్వీడన్ దేశపాయన. రాళ్లు చదివినవాడు."

"ఉన్నాడా?"

"ఎప్పుడో పోయాడు."

ఆయన బయటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నానికి రాలేదు. గోదాములో ఖాళీ గోనెసంచుల మీద పడుకున్నాడని ధనమ్మ చెప్పింది.

పొద్దున్న ఊరి పెద్దలు, ధాన్యం కొట్ల వాళ్లు, అమృతలూరు నుంచి బంధువులు వచ్చారు. చంద్రకళ జనం వెనక గోడకి ఆనుకుని నిలబడింది. టెంకాయ కొట్టాక ఎవరో అడిగారు. "చెంచురామయ్యగారూ, ఆ రాయి సంగతి మీ అమ్మాయి చేత చెప్పించండి."

"నేనే చెబుతాను," అన్నాడాయన.

ఆమె ముందుకు రాబోయి ఆగింది.

"ఆ రాయికి వేరే పెద్దాయన పేరు ముందే ఉందంట. నిన్న తేలింది. అమ్మాయి దాచకుండా వచ్చి చెప్పింది. పోయినాయన పేరు చెరిపి తన పేరు రాస్తే మా ఆవిడ ఒప్పుకోదు." ఆయన బోర్డు వైపు చూశాడు. "మా ఆవిడ పేరు మాణిక్యమ్మ. ఈ పిల్లని చదివించింది మాణిక్యమ్మే. నేను కాదు. బోర్డు మీద ఆ ఒక్క పేరే ఉంటుంది. పెయింటర్‌ని పిలిపించాను."

 ధనమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.  ఇంట్లో 'ఏమే' అన్న పిలుపు తప్ప, నాన్న నోట అమ్మ పేరు చంద్రకళ ఏనాడూ వినలేదు. అమ్మ బతికుండగా వినలేదు, పోయాకా వినలేదు. ఇప్పుడు నలుగురిలో రెండుసార్లు అన్నాడు.

ఇంజను తిప్పారు. బెల్టు ఊగింది, తొలి బియ్యం జల్లెడ మీద పడింది. చెంచురామయ్య గుప్పెడు తీసి కూతురి చేతిలో పోశాడు. గింజలు వెచ్చగా ఉన్నాయి.

"పత్రికకు రాద్దామనుకున్నది ఆ స్వీడన్ ఆయన పేరుతోనే పంపు," అన్నాడు. "నీ పేరు కిందుంటే చాలు."

ఆమె అలాగే చేసింది. మరుసటి ఏడు ఆ వ్యాసం అచ్చయింది.