సమ్మెనాటి వాన వాసన

"ముక్కు ఎక్కడన్న పారేసుకున్నవా ఏందే? ఇల్లంత పొగ లేస్తున్నది!"

మంచం మీది నుంచి మా ఆయన కొమురెల్లి అరిచేసరికి చూస్తే, నా ఎదుటి పొయ్యి మీదే పప్పు నల్లగా మాడి ఉంది. గిన్నె తోముతూ నవ్వుకున్నాను. గోదావరిఖనిలో నలభై ఏళ్లు కాపురం చేసిన ఆడదానికి ముక్కెక్కడ మిగులుతుంది? బొగ్గుల పొయ్యి ఊది ఊది, ఆయన డ్యూటీ బట్టలు ఉతికి ఉతికి, అది ఎప్పుడో చచ్చిందనుకున్నాను. మా వాడకట్టులో అందరూ అనుకునేది అదే.

ఆయన బొగ్గుబాయి పని మానిన రెండేళ్లకు వణుకుడు రోగం పట్టుకుంది. దవాఖానలో పార్కిన్సన్ అన్నారు. రోజుకు నాలుగు గోలీలు. గోలీ మింగిన ముప్పావు గంటకు కట్టెలా బిగుసుకున్న మనిషి లేచి నడుస్తాడు. ఇంకాసేపటికి మెడా భుజాలూ మెలికలు తిరుగుతాయి. పప్పన్నం తిన్న వెంటనే గోలీ వేస్తే మాత్రం కాలు కదలనే కదలదు. ఎందుకట్లా అని నాకు ఒకటే ఆరాటం. నా చదువు రెండో తరగతితో ఆగింది కనుక, పాత క్యాలెండరు వెనక బొగ్గుముక్కతో గుర్తులు పెట్టేదాన్ని. గోలీకి గీత, పప్పన్నానికి చుక్క, నడిస్తే సున్న, మెలికలకు వంకర. గోలీలు పెంచాక ఇంకో గుర్తు కావలసి వచ్చింది. ఎప్పుడో గని కప్పు కూలి చచ్చిపోయిన దోస్తు రాజం ఆయన కళ్లకు కనిపించడం మొదలైంది. "రాజం వచ్చిండే, చాయ్ పొయ్." మొదటి రోజు నిజంగానే రెండు కప్పులు పోశాను. ఈ ఇంట్లో చచ్చిపోయినవాళ్లకు కూడా చాయ్ పెట్టింది నేనే!

ఆ ఏడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. గనులు బందయ్యాయి. పేలుళ్లు లేవు, లారీల దుమ్ము లేదు. పొద్దున ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికీ తెల్లగానే ఉంది. ఒక మధ్యాహ్నం వాన పడింది. పక్క క్వార్టరు సుగుణమణి వాకిట్లో నిలబడి గుండెల నిండా పీల్చింది. "సారక్కా, మట్టి వాసన చూడరాదు! నేను పెండ్లయి వచ్చిన సంది గిసొంటి వాసన రాలే." నేనూ పీల్చాను. చల్లగాలి తగిలింది, అంతే. తడి మట్టి పిడికిట పట్టి ముక్కుకు ఆనించాను. ఏమీ లేదు. దుమ్ము మీద నెట్టడానికి ఆ రోజు దుమ్ము కూడా లేదు. "అవునే, మస్తున్నది" అన్నాను.

ఆ చలికాలంలో, ఈ రోగం మీద పరిశోధన చేసే యమున అనే డాక్టరమ్మ హైదరాబాదు నుంచి మా దవాఖానకు వచ్చిందంటే ఆయనను తీసుకుపోయాం.

"తాతను ఎవరు చూసుకుంటరు?" అని అడిగింది.

"నేనే మేడం" అన్నాడు నా కొడుకు వేణుమాధవ్. గోలీలు ఏ వేళకు వేస్తున్నారని అడిగితే మాత్రం నా దిక్కు చూశాడు. నేను సంచిలోంచి క్యాలెండరు తీశాను. "మా అవ్వకు సదువు రాదు మేడం, ఏదో గీకింది" అన్నాడు.

ఏ గుర్తు ఏందో నేను చెప్తుంటే, ఆ డాక్టరు పిల్ల గీతల వెంట వేలు పెట్టుకుంటూ పోయింది. "ఈ మెలికలు రోగంవి కావు అవ్వా, గోలీవి. రాజం గూడ గోలీతోనే వస్తుండొచ్చు, మోతాదు మార్చి చూద్దాం. పప్పుకు, గోలీకి పడదు, పప్పుల ప్రోటీన్ గోలీని అడ్డుకుంటది. అది నువ్వే కనిపెట్టినవా?"

కనిపెట్టినవా అని నన్ను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ధైర్యం వచ్చింది. "అసలు మెదడుల ఏమైతది బిడ్డా?"

మెదడులో కావలి కాసే కణాలుంటాయట. చెడు కనబడితే మంట లేపుతాయట. ఈ రోగంలో ఆ మంట తొందరగా ఆరదట.

"మూసిన గనిల నిప్పు తీర్గనా? బయట గోడ కడ్తరు, లోపట రాజుకుంటనే ఉంటది."

"గట్లనే అనుకో. మంటతోని రోగమొచ్చిందా, రోగంతోని మంటొచ్చిందా, మాకు గూడ పూర్తిగ తెల్వదు. అదే వెతుకుతున్నం."

తెలియదని చెప్పిన డాక్టరును అప్పుడే చూశాను. ముద్దొచ్చింది. ఆ పిల్ల తన పరిశోధన ప్రశ్నల కాగితం ముందుకు జరుపుకుంది. "వణుకు రాకముందే తాతకు వాసన తెల్వకుండ పోయిందా?"

"బొగ్గుబాయోళ్లకు వాసనెక్కడిది మేడం!" అని వేణు నవ్వాడు.

"పోయింది బిడ్డా. డ్యూటీ చేసేటప్పుడే, పాసిపోయిన సద్ది గూడ తినొచ్చేటోడు" అన్నాను నేను.

"కొందరికి ఏండ్ల ముందే పోతది. వాసన పోయినోళ్లందరికి ఈ రోగం రాదు, వేరే కారణాలు మస్తుంటయి. కాని అడిగి తెలుసుకోవాలె."

పిడికిట్లో ఆనాటి తడి మట్టి మెదిలినట్టయింది. ఇంటికి పోయి గిన్నెలు తోముకుంటూ మరచిపోవచ్చు. నాకూ అదే అయితే ఎట్లా అని భయమైంది. కానీ నా లోపల ఏముందో చూడాలన్న ఆరాటం ఆ భయాన్ని పక్కకు నెట్టేసింది.

"గసొంటి కాగితం ఇంకోటి ఉన్నదా బిడ్డా?"

"తాతది నింపినం గద అవ్వా."

"ఆయనకు కాదు."

వేణు ఉలిక్కిపడ్డాడు. "నీకేమైందే అవ్వా? నువ్వు మంచంల పడితే బాపును ఎవలు సూస్తరు?"

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"ఈయనను ఎవరు చూసుకుంటరని అడిగినవు గద, ముందుగాల వీడన్న గా మాట రాస్కో బిడ్డా. తర్వాత నా పేరు రాయి, సారవ్వ."