బంతిదండ గుర్తు

తిరుపతి నాకు చేసిన అన్యాయం ముందు చెప్పుకోవాలి. వాడు ఎక్సైజ్‌లో కానిస్టేబుల్. మా చిన్న మంగళారం వాడే, వరసకు తమ్ముడవుతాడు. వాడికి నౌకరీ వచ్చిన రోజు ఊళ్లో అందరికంటే ముందు మిఠాయి పంచింది నేనే. ఏడో తరగతితో బడి మానేసిన నాకు, మనవాడొకడు ఖాకీ వేసుకున్నాడంటే అది నా ఒంటి మీదే ఉన్నట్టనిపించింది. ఆ ఖాకీయే నా కొంప ముంచింది.

నాకొక ట్రాలీ ఆటో ఉండేది. చేవెళ్ల నుంచి కూరగాయలు, పూలు ఫామ్‌హౌస్‌లకు వేసేవాణ్ణి. మా పొలం పక్కనున్న ఫామ్‌హౌస్ మేనేజర్ కుమార్ నాకు ఎక్కువ కిరాయిలు ఇచ్చేవాడు. పూల బస్తాల కింద అట్టపెట్టెలు పెట్టించేవాడు. అడిగితే "దావత్ సామాను" అనేవాడు. దావత్ సామాను అంటే మాకు గంజులు, గంటెలు, విస్తర్లు. వాళ్లకు మాత్రం పన్ను కట్టకుండా గోవా నుంచి దిగిన మందు. ఆ సంగతి నాకెవరు చెప్తారు?

తిరుపతే చెప్పాడు. చేవెళ్ల బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బాలన్నా, నీ బండ్ల ఏం పోతున్నదో నీకెర్కేనా?"

"బంతిపూలు."

"బంతిపూల కింద?"

గ్లాసు కింద పెట్టాను.

"గోవా మందే అన్నా. దొరికితే బండి జప్తు, నువ్వు లోపటికి. కుమార్‌గాడు మాత్రం ఏసీల కూసుంటడు."

"మరెట్ల జెయ్యాలెరా?"

"మా దిక్కు రా. వచ్చే లోడు ఎత్తంగనే నాకు ఫోన్ కొట్టు. గేటు లోపటికి పోయి దించేదాంక ఎవ్వరం ఆపం. అప్పుడే ఫామ్‌హౌసోళ్ల మీద కేసు నిలవడ్తది. నువ్వు సాక్షివైతవు, ముద్దాయివి కావు."

రోడ్డు మీద తనిఖీ పోలీసులది, మందు కేసు ఎక్సైజ్‌ది. ఇద్దరూ కలిసి పట్టుకుంటారట. మరి పోలీసులు నన్ను దారిలోనే ఆపేస్తే? అదే అడిగాను.

"గుర్తు వెట్టుకుందాం. బండి ముంగట బంతిదండ కట్టు. దండ ఉన్న ట్రాలీని ఆపొద్దని వాళ్లకు చెప్తం. వాళ్లు మెల్లగ నీ ఎంబడి వస్తరు."

బంతిపూలు మోసేవాడి బండికి బంతిదండ. ఎవరికి అనుమానం వస్తుంది? ఇంటికొచ్చి నా భార్య అరుణమ్మకు చెప్తే ఆమె మూతి విరిచింది.

"కాయితమేమన్న రాసిచ్చిండా?"

"మనోడేనే. కాయితమెందుకు?"

"మనోడని కాయితం మీద రాసిచ్చిండా అంటున్న."

అది వినాయక చవితి ముందటి మాట. చవితి పోయింది, బతుకమ్మ పండుగా అయిపోయింది, లోడు రాలేదు. చివరికి కుమార్ ఫోన్ చేశాడు. పెద్ద దావత్ ఉంది, పొద్దున్నే తెమ్మన్నాడు. ఆ పొద్దు దసరా.

చేవెళ్లలో లోడు ఎత్తగానే తిరుపతికి ఫోన్ చేశాను.

"దండ కట్టినవా?"

"పూజకొకటి, నీ గుర్తుకొకటి. రెండు కట్టిన."

"ఇగ పో అన్నా, ఫికర్ జెయ్యకు."

వాడికి తట్టలేదు, నాకూ తట్టలేదు. దసరానాడు మా దగ్గర బండి కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయ తొక్కించి, బంతిదండ కట్టనివాడెవడు?

కనకమామిడి చౌరస్తాకు వచ్చేసరికి రోడ్డు పొడుగునా బండ్లు ఆగి ఉన్నాయి. బస్సుకు దండ, ట్రాక్టరుకు దండ, పోలీసు జీపుకూ దండే. ఎస్సై ఫోన్లో అరుస్తున్నాడు.

"దండ ఉన్నదాన్ని ఇడిసిపెట్టమంటిరి! దండ లేంది ఏదయ్యా? నా జీపుకే ఉన్నది!"

అప్పటిదాకా దండ ఉన్న ట్రాలీలన్నిటినీ వదిలీ వదిలీ విసుగొచ్చి, ఇక అన్నిటినీ వెతకమన్నాడట. నా బండి మీద కప్పిన పట్టా లేపారు. పూల బస్తాలు కింద పడేశారు. పెట్టె చింపారు.

"సార్, నేను ఎక్సైజోళ్ల మనిషిని," అన్నాను.

ఒక పోలీసు నవ్వాడు. "ఒకటి గాదు, రెండు దండలేసిండు సార్. డబల్ మనిషి!"

ఎక్సైజ్ జీపు వచ్చింది. తిరుపతి దిగాడు, వాడి వెనక వాళ్ల సీఐ దిగాడు. నా ప్రాణం కుదుటపడింది. ఎస్సై నా భుజం పట్టుకుని ముందుకు నెట్టాడు.

"ఈయన మీ మనిషేనా?"

తిరుపతి సీఐ ముఖం చూశాడు. అవునంటే ఆ గుర్తు పెట్టిందెవడని అడుగుతారు. దసరానాడు బంతిదండ గుర్తేందని రెండు ఆఫీసులూ పడి పడి నవ్వుతాయి.

"మా ఊరోడు సార్," అన్నాడు. "గంతే."

సీఐ, ఎస్సై పక్కకు పోయి మాట్లాడుకున్నారు. తిరిగొచ్చేసరికి ఇద్దరికీ పేచీ లేదు. పట్టుకున్నది పోలీసులు, కేసు కట్టేది ఎక్సైజ్, పేరు ఇద్దరిదీ. పెట్టెల వెనక వరసగా నిలబడి ఫొటో దిగారు. మధ్యలో నేను, ముఖానికి గుడ్డతో. గుడ్డ కప్పితే ఏం లాభం, బండి నంబరు పేపర్లో కొట్టొచ్చినట్టు పడింది. సరుకు గేటు దాకా పోలేదు గనక ఫామ్‌హౌస్ మీద కేసు లేదు. కుమార్‌ను అడిగితే "ఎవడో పూలోడు, మాకెర్క లేదు" అన్నాడట.

దీపావళికి బెయిల్ మీద బయటికొచ్చి నేరుగా తిరుపతి ఇంటికి పోయాను. గడప దాటనివ్వలేదు.

"ఏం జెయ్యాలె అన్నా, ఖబర్ ఇచ్చినోని పేరు బయట పెట్టొద్దు. మాకు రూలున్నది."

"నన్ను కాపాడనీకి దాచినవా, నిన్ను కాపాడుకోనీకి దాచినవా?"

"పండుగ పూట వాకిట్ల లొల్లి జెయ్యకు. ఇంట్ల పిల్లలున్నరు."

మా ఇంట్లో లేరా పిల్లలు? వాడి కొత్త బైకు వాకిట్లోనే ఉంది. దసరాకు కట్టిన దండ ఎండిపోయి ఇంకా దానికే వేలాడుతోంది.

ట్రాలీని వేలం వేశారు. బండి పోయినా దాని ఫైనాన్సు పోలేదు, వకీలు ఆగలేదు, దొరికినోణ్ణి కిరాయికి పిలిచేవాడూ లేడు. భూమి అమ్మాల్సి వచ్చింది. కొన్నది ఆ ఫామ్‌హౌస్ వాళ్లే, బేరం తెంపింది కుమారే. తహసీల్ ఆఫీసులో నేను సంతకం పెడుతుంటే అరుణమ్మ అంది:

"ఇప్పుడన్న కాయితం జర సదివించుకో."

చదివించుకున్నాను. ఇప్పుడు వాళ్ల ప్రహరీ మా బాపు వేయించిన బోరును కూడా లోపలికి కలుపుకుని పోయింది. గోడ అవతలికి పోయింది రోడ్డు మొగాన మేం అమ్మిన ఏడున్నర గుంటలు.