చాపోడి తండ్రి పేరు

ఏథెన్స్ అంగడిలో ఫైడిమోస్ అంటే ఎవరికీ తెలియదు, చాపోడంటే పసిపిల్లకైనా తెలుసు. పగలు భుజాన కప్పుకున్న చాపే రాత్రికి పరుపు. ఇంతకు మించిన ఆస్తి మనిషికెందుకని అడుగుతాడు. పెద్దింటి కుర్రాళ్ళు తత్వం నేర్చుకుంటామని వస్తే, నెత్తిన చేపల బుట్ట పెట్టి అంగడంతా మూడు చుట్లు తిప్పుతాడు. అదే మొదటి పాఠం. సగంమంది రెండో చుట్టుకే ఇంటిదారి పడతారు.

"ఎవరి కొడుకువయ్యా?" అంటే "ఆకలి కొడుకుని" అనేవాడు. పుట్టుక చూసి మనిషిని తూచే ఊళ్ళో తండ్రి పేరు, సొంత పేట పేరు నోట రానివ్వనని ఇరవై ఏళ్ళ కిందట నడిబజారులో ఒట్టు పెట్టుకున్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. ఆ మొండితనం చూసి సిమైథా మురిసిపోయేది. థ్రేసు నుంచి బానిసగా వచ్చి, విడుదలై, మసూరపప్పు జావ అమ్ముకుని బతుకుతున్న మనిషి ఆమె. ఆమెకు చెప్పుకోవడానికి తండ్రి పేరే లేదు.

పరదేశికి ఒక పౌరుడు తన తండ్రి పేరు, పేట పేరు చెప్పి పూచీ ఉండాలి. లేకపోతే మళ్ళీ బానిసల సంతకే. సిమైథాకి పూచీ ఉన్న ముసలి కుమ్మరి చనిపోయాడు. పక్క కొట్టువాడు అదను చూసి ఫిర్యాదు పెట్టాడు. నిన్నటిదాకా "అక్కా, ఇంకో గరిటె" అన్నవాళ్ళు ఈమెను చూడగానే పక్క సందులోకి తప్పుకున్నారు. ఫైడిమోస్‌ని మాత్రం ఆమె అడగలేదు. ఆ ఒట్టు తెలిసీ ఎలా అడుగుతుంది?

న్యాయస్థానంలో నీళ్ళ గడియారం తెరిచారు. నీళ్ళు అయిపోయేలోపు ఎవరో ఒకరు ముందుకు రావాలి. ఎవరూ కదల్లేదు. పక్క కొట్టువాడు పళ్ళికిలించాడు. కుండ అడుగు కనబడుతుండగా జనాన్ని తోసుకుంటూ చాప ఒకటి వచ్చింది.

"పూచీ నేనుంటా."

"పేరు?" అన్నాడు అధికారి.

"ఫైడిమోస్."

"ఎవరి కొడుకువి? ఏ పేట?"

జనం మెడలు సాచారు. "వద్దు పెద్దాయనా" అనబోయింది సిమైథా.

"లైసిథియోస్ కొడుకుని. మాది అకార్నె."

ఒక్కసారిగా గొల్లుమన్నారు. "ఆకలి చచ్చి అయ్య పుట్టాడ్రోయ్!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. "ఇంతేనా గురువుగారూ తమరి తత్వం?" అంటూ శిష్యులిద్దరు లేచి వెళ్ళిపోయారు. నవ్వులంటే లెక్కలేదనే మనిషికి చెవులు ఎర్రగా కందిపోయాయి. అయినా తల దించలేదు. పేట జాబితాలో పేరు చూసి అధికారి తలూపేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఫిర్యాదు కొట్టేశారు. బయటికి రాగానే సిమైథా అతని చాప కొస పట్టుకుంది.

"నావల్ల ఇరవై ఏళ్ళ ఒట్టు పోయింది కదా పెద్దాయనా! ఇక ఊరంతా నవ్వుతుంది."

"నవ్వుతుంది. నాకూ కష్టంగానే ఉంది" అన్నాడు ఫైడిమోస్. "కానీ ఒట్టుని సంతలో నిలబెట్టి పళ్ళు చూసి కొనరమ్మా. నిన్ను కొంటారు."